సీరం సీసాలో మన పట్టు ఎంత?



ఈ వారం సున్నపుకట్టు రోగం గురించి రాస్తామని చెప్పి ఉన్నాము. దాన్ని వచ్చే వారానికి పెట్టుకుందాం. ఎందుకంటే పది రోజులుగా మన గ్రూపుల్లో ఒక సీసా ఫోటో తిరుగుతా ఉంది. ముఖానికి తేమ ఇచ్చే పట్టు సీరం అని, మన గూళ్లతోనే చేసిందని రాసి ఉంది. ఆ సీసా మా ఇంటికీ వచ్చింది. దానితో మా ఇంట్లో జరిగింది చెప్పి, సీసా వెనకాల ఉండే పేర్లు ఒక్కొక్కటీ ఏ పనికో రాస్తాము. మేము ఎస్సెల్సీ వరకు చదివినోళ్లం. పీయూసీలో సైన్సు చదివే మా పాప పక్కన కూర్చోబెట్టుకొని చదివి చెప్పింది, చర్మం డాక్టరమ్మ కొన్ని చెప్పినారు, మిగిలింది మన షెడ్డులోనే ఉంది, చూస్తే తెలుస్తుంది.

పంట దించినాక షెడ్డు కడిగి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కొట్టి, సున్నం చల్లినాము. ర్యాకులకు, చంద్రికలకు ఫార్మాలిన్. గ్లవుజులు ఉన్నాయి గానీ ఒక జత చినిగిపోయింది, ఆ జత మా ఇంటావిడ చేతికే పడింది. మాస్కు కట్టుకుంటే ఊపిరి ఆడలేదని తీసేసింది. మూడో రోజుకు చేతులు పగిలినాయి, చెంపల మీద చర్మం పొట్టు మాదిరి లేచింది. ఇది మనలో చానా ఇళ్లలో జరిగేదే. ఆడవాళ్లు చెప్పుకోరు, మనమూ అడగము. ఆరోగ్యంగా ఉండే చర్మం రవంత పులుపు స్వభావంతో ఉంటుంది. సున్నం, బ్లీచింగ్ దానికి పూర్తి విరుద్ధం. పైపొరలో ఉండే కొవ్వు కరిగిపోయి, లోపలి నీళ్లు ఆవిరైపోవడం మొదలవుతుంది.

సరిగ్గా ఆ వారంలోనే ఒకాయన బండి మీద మా ఊరికి వచ్చినాడు. మాట తీరు మంచిది, తెలుగు కన్నడ రెండూ గడగడా మాట్లాడినాడు. ఇంటికి 12,500 రూపాయలు కట్టి మెంబరు అయితే సీసాల కిట్టు ఇస్తారంట. ఆ తర్వాత మన గూళ్లన్నీ కేజీ 1,200కు వాళ్లే కొంటారంట, సీరంలోకి పట్టు కావాలి కాబట్టి. ఆ వారం మార్కెట్టులో మాకు పడిన రేటు 600. వినేవాళ్లకు నోరు ఊరదా? సంఘంలో అప్పు తీసి కట్టేద్దామని ఆడవాళ్లు, హరాజు బాధ తప్పుతుందని మగవాళ్లు. మేమూ కట్టేవాళ్లమే, దాంట్లో దాపరికం ఏముంది. ముందు ఒక సీసా చూద్దామని 599 పెట్టి మా ఇంటావిడ కొనింది. 30 మిల్లీలీటర్ల సీసా.

రెండు రాత్రులు రాసుకుంది. మూడో రాత్రి చెంపలు ఎర్రగా మండి, తెల్లవారుజామున ఆకు వేయడానికి లేచేసరికి ముఖం ఉబ్బి ఉంది. ఆయనకు ఫోన్ చేస్తే, "లోపలి చెడు బయటికి వస్తోందమ్మా, ఆపొద్దు" అన్నాడు. ఆ మాటతోనే మాకు అనుమానం పుట్టింది. పురుగు పాల రోగంతో పగిలినప్పుడు లోపలి చెడు బయటికి వస్తోందని ఎవడైనా ఊరుకుంటాడా?

అప్పుడు పాప సీసా తిప్పి వెనక వైపు చదివింది.

మొదట ఒక రూలు తెలుసుకోండి. మన దేశంలో అమ్మే సౌందర్య సామగ్రి మీద తయారీదారు పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ ఉండాలి. లోపల ఏమేమి ఉన్నాయో రాసేటప్పుడు ఒక శాతం కంటే ఎక్కువ ఉండే వాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకు లోపు ఉండేవి ఆ తర్వాత వస్తాయి, వాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. కిటుకంతా ఇక్కడే ఉంది. పురుగుమందు డబ్బా మీద రంగు త్రిభుజం చూసి ఎంత విషమో చెప్పేస్తాము కదా, ఆ మాదిరి ఇక్కడ ఒకే గుర్తు ఉండదు. వరుస చూసి మనమే గ్రహించాలి.

మా సీసా మీద వరుస ఇది: ఆక్వా, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ డీనాట్, ఫ్రాగ్రెన్స్, డీఎండీఎం హైడాంటోయిన్, కార్బోమర్, హైడ్రోలైజ్డ్ సిల్క్, సోడియం హైలురొనేట్, డైసోడియం ఈడీటీఏ, చివర ఒక రంగు నంబరు.

ఆక్వా అంటే నీళ్లు, ఇంకేమీ కాదు. దాదాపు అన్ని సీరాల్లోనూ మొదటి పేరు అదే. సీసాలో ఎక్కువ భాగం అదే.

తరువాతి రెండూ తేమ పట్టేవి. వీటిని అర్థం చేసుకోవడానికి మన చాకీ గది చాలు. చాకీ పురుగులకు 85 నుంచి 90 శాతం తేమ కావాలి. మనం ఏం చేస్తాము? తట్ట అంచుల వెంబడి తడిపిన ఫోమ్ ముక్కలు పెడతాము, పైన పారఫిన్ కాగితం కప్పుతాము. ఫోమ్ నీటిని పట్టి ఉంచుతుంది. కాగితం ఆ నీళ్లు ఎగిరిపోకుండా ఆపుతుంది. ఈ రెండు పనులూ వేరు వేరు. ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే ఆకు వాడిపోతుంది. ముఖానికి రాసేవాటిలోనూ ఇవే రెండు జాతులు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, బ్యూటిలీన్ గ్లైకాల్, ప్రొపేన్‌డయోల్, పాంథెనాల్, హైలురోనిక్ యాసిడ్, ఇవన్నీ ఫోమ్ ముక్కలు. పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్, స్క్వాలేన్, కొబ్బరినూనె, ఇవి పారఫిన్ కాగితాలు. మాట వరసకు చెప్పడం కాదు, పెట్రోలియం జెల్లీ, పారఫిన్ మైనం రెండూ ఒకే భూమి నూనె నుంచి వచ్చినవే.

సీరం అంటే ఎక్కువగా ఫోమ్ మాత్రమే, కాగితం ఉండదు. అందుకే జిడ్డు లేకుండా తేలిగ్గా ఉంటుంది. అందుకే దాని లోపం కూడా అక్కడే ఉంది. మార్చి, ఏప్రిల్‌లో కోలారు గాలి ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, కిటికీలకు తడి గోనెలు కట్టినా గంటలో ఆరిపోతాయి. అట్లాంటి ఎండు గాలిలో పొడి ముఖానికి తేమ పట్టేది మాత్రమే రాసి వదిలేస్తే, అది బయటి నుంచి నీళ్లు దొరక్క చర్మం లోపలి నీటిని పైకి లాగి గాలికి ఇచ్చేస్తుంది. కాబట్టి సీరం తడి ముఖం మీద రాసి, ఆరకముందే పైన ఏదో ఒక క్రీమో, రెండు చుక్కల నూనెనో కాగితం మాదిరి కప్పాలి. ఈ ఒక్క సంగతి ఆ బండి మీద వచ్చినాయన చెప్పలేదు. చెప్పి ఉంటే 599లో సగమైనా దక్కేది.

గ్లిజరిన్ గురించి రెండు మాటలు ఎక్కువ రాస్తాము, ఎందుకంటే దాన్ని అందరూ తక్కువ చూస్తారు. 1779లో షీలే అనే స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త నూనె నుంచి దాన్ని తీసినాడు. సబ్బు చేసేటప్పుడు పక్కన మిగిలే సరుకు అది. మందుల అంగడిలో తక్కువ దుడ్డుకే దొరుకుతుంది. ఐదు వందల సీసా అయినా, వెయ్యి రూపాయల సీసా అయినా తేమ పట్టే పనిలో ఎక్కువ బరువు మోసేది ఈ అగ్గువ సరుకే. పేరు మాత్రం వేరేవాళ్లకు పోతుంది. ఆకు కోసేవాళ్లు ఒకరు, ఫోటోలో నిలబడేవాళ్లు ఇంకొకరు అన్నట్టు.

పేరు పోయేది ఎవరికంటే, హైలురోనిక్ యాసిడ్‌కు. సోడియం హైలురొనేట్ అనేది దాని ఉప్పు రూపం. యాసిడ్ అనగానే భయపడొద్దు, మన చర్మంలో, కీళ్లలో, కళ్లలో ఉండేదే. 1934లో అమెరికాలో మేయర్, పామర్ అనే ఇద్దరు ఆవు కంటిలోని గుజ్జు నుంచి దీన్ని వేరుచేసినారు. గ్రీకు భాషలో గాజుకు ఉండే పేరు నుంచి దీని పేరు వచ్చింది. చానా కాలం కోడిపుంజు జుట్టు నుంచి తీసేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవులను పెంచి పులియబెట్టి తీస్తారు. మంచి సరుకే. రవంత వేస్తే చాలు నీళ్లు గంజి మాదిరి చిక్కబడతాయి. అందుకే సీసాలో వేసేది కొంచెమే. దాని పెద్ద ముక్కలు చర్మం లోపలికి దిగవు, పైన పల్చటి తడి పొరగా నిలుస్తాయి. ముఖం నున్నగా కనిపించేది ఆ పొరతో. కడిగితే పోతుంది, మళ్లీ రాయాలి. ఏళ్ల ముడతలు పోతాయని ఎవరైనా చెప్తే వినేసి ఊరుకోండి.

ఇంక మన పట్టు.

గూడు పొరలో రెండు ప్రోటీన్లు ఉంటాయని ట్రైనింగులో విన్నాము. లోపలి దారం ఫైబ్రాయిన్, సుమారు మూడు వంతులు. దాన్ని అతికించే బంక సెరిసిన్, సుమారు ఒక వంతు. రీలర్ వేడి నీళ్లలో గూళ్లు ఉడికించేటప్పుడు బంక మెత్తబడుతుంది, కొంచెమే కరుగుతుంది. ఎక్కువ భాగం నూలుతోనే పోయి, రంగు వేయకముందు సబ్బు, సోడా నీళ్లలో ఉడకబెట్టినప్పుడు దిగిపోతుంది. ఆ నీళ్లు చానా చోట్ల మోరీలోకే పోతాయి. నిజంగా మన సరుకులో వృథా అయ్యేది అది.

ఈ బంక చర్మానికి పనికొస్తుందనడం అబద్ధం కాదు. 1865లో ఎమిల్ క్రామర్ అనే ఆయన పట్టు బంకను విడగొట్టి ఒక కొత్త అమైనో ఆమ్లం కనుక్కున్నాడు. లాటిన్ భాషలో పట్టుకు ఉండే పేరు మీద దానికి సెరిన్ అని పేరు పెట్టినారు. సెరిసిన్‌లో మూడో వంతు దాకా ఆ సెరినే ఉంటుంది, నీటిని బాగా పట్టుకుంటుంది. మన చర్మం పైపొరలో సహజంగా తేమ నిలిపే పదార్థాల్లోనూ సెరిన్ ముఖ్యమైనది. పాప ఇది చదివినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్లుగా పట్టు అమ్ముతున్నాము, పట్టు పేరుతో ఒక పదార్థం ప్రతి మనిషి ఒంట్లో ఉందని ఎవరూ చెప్పలేదు.

లేబుల్ మీద ఇది సెరిసిన్ అని గానీ, హైడ్రోలైజ్డ్ సిల్క్ అని గానీ, సిల్క్ అమైనో యాసిడ్స్ అని గానీ ఉంటుంది. హైడ్రోలైజ్డ్ అంటే పెద్ద ప్రోటీన్ గొలుసును చిన్న ముక్కలు చేసి నీళ్లలో కరిగేట్టు చేసినది. చర్మం మీద సన్నటి పొర వేస్తుంది, తేమ పట్టుకుంటుంది, తాకితే మెత్తగా ఉంటుంది. పని అంతవరకే.

ఇప్పుడు లెక్క. కార్బోమర్ చిక్కదనం కోసం వేసేది, మామూలుగా ఒక శాతం లోపే వేస్తారు. మా సీసాలో పట్టు దాని తర్వాత ఉంది. అంటే పట్టు కూడా ఒక శాతం లోపే. సరే, ఆయన పక్షాన నిలబడి పూర్తిగా ఒక శాతం అనుకుందాం. 30 మిల్లీలీటర్లలో ఒక శాతం అంటే 0.3 గ్రాము. అదీ అంతా సెరిసినే అనుకుందాం. మంచి బైవోల్టైన్ గూడు 2 గ్రాములు తూగుతుంది. అందులో పురుగు పోగా పొర 0.4 గ్రాము. దానిలో నాలుగో వంతు బంక, 0.1 గ్రాము. అంటే సీసాకు మూడు గూళ్లు. కేజీకి 500 గూళ్లు, కేజీ 600 అంటే గూడు రూపాయి ఇరవై పైసలు. 599 రూపాయల సీసాలో మన పట్టు 3 రూపాయల 60 పైసలది. పొరంతా కలిపి కరిగించి ఉంటే ఒక్క గూడు కూడా అక్కర్లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇంకో లెక్క వేసినాము. మా ఊళ్లో పట్టు పెట్టే ఇళ్లు 38. ఒక పంటకు ఇంటికి 150 కేజీలు అనుకుంటే 5,700 కేజీలు. కేజీ గూళ్లకు 50 గ్రాముల బంక, అంటే 166 సీసాలు. ఒక్క ఊరి ఒక్క పంట గూళ్లు కొంటేనే తొమ్మిది లక్షల పైన సీసాలు చేయాలి. ఏడాదికి ఎన్ని పంటలు తీస్తాము, ఎన్ని ఊళ్లు తిరుగుతున్నాడు? ఆ సీసాలన్నీ ఎవరు రాసుకుంటారు? పోనీ, బంక కోసమే అయితే కోతపడిన గూళ్లు, మచ్చ గూళ్లు, జంట గూళ్లు చాలు, అవి తక్కువ రేటుకే దొరుకుతాయి. దారం తీయదగ్గ మంచి గూడును రెండింతలు పెట్టి కొని ఉడకబెట్టేవాడు వ్యాపారి కాడు. అతనికి కావలసింది గూళ్లు కాదు, ఆ 12,500.

పొద్దున్నే ఈ లెక్క కాగితం మీద రాసి డైరీ కట్ట దగ్గర అందరికీ చూపించినాము. కొందరు నవ్వినారు, కొందరికి కోపం వచ్చింది. "నీ ఇంట్లో పడకపోతే ఊరికి అడ్డుపడతావా" అన్నోళ్లూ ఉన్నారు. చివరికి 35 ఇళ్లు ఆగినాయి. మూడు ఇళ్లు అప్పటికే కట్టేసి ఉన్నాయి. ఆయన ఫోన్ ఇప్పుడు ఎత్తడం లేదు. ఆ ముగ్గురిలో ఒకామె సంఘం అప్పుకు వారం వారం కంతు కడతా ఉంది. స్టేషన్లో అర్జీ ఇచ్చినారు, రసీదు లేదు, బండి నంబరు మాత్రం ఒక పిల్లోడు రాసి పెట్టినాడు.

ముఖం ఎందుకు మండిందో చెప్పలేదు కదా. పట్టు వల్ల కాదు. డాక్టరమ్మ సీసా చూసి మూడు పేర్ల కింద గీత గీసినారు. ఒకటి ఆల్కహాల్ డీనాట్, స్పిరిట్టు. పగిలిన చర్మం మీద స్పిరిట్టు పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండోది ఫ్రాగ్రెన్స్, కొన్ని సీసాల మీద పర్ఫ్యూమ్ అని ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ వాసన సరుకులు దాగి ఉండొచ్చు, చర్మానికి పడకపోవడంలో ముందుండేది ఇదే. మూడోది మాత్రం మనవాళ్లంతా గుర్తుపెట్టుకోవాలి, డీఎండీఎం హైడాంటోయిన్. ఇది సీసాలో బూజు పట్టకుండా వేసేది. పని ఎట్లా చేస్తుందంటే, కొంచెం కొంచెంగా ఫార్మాల్డిహైడ్ విడుదల చేస్తుంది. అంటే మనం షెడ్డులో కొట్టే ఫార్మాలిన్‌లో ఉండేదే! ఫార్మాలిన్‌తో పని చేసి చేసి దానికి ఒళ్లు పడకుండా పోయినవాళ్లకు ఆ రవంత కూడా చాలు. ఇమిడజోలిడినిల్ యూరియా, డయజోలిడినిల్ యూరియా అనేవి కూడా ఈ జాతే. ఫార్మాలిన్ కొట్టినప్పుడు చేతులు దురదపెట్టేవాళ్లు ఈ పేర్లు ఉండే సీసా కొనకండి, ఎంత మంచిదని చెప్పినా.

అట్లని బూజు ఆపే మందే వద్దనకండి. "కెమికల్ లేదు" అని రాసేవాళ్ల మాట నమ్మొద్దు. నీళ్లు, దాంట్లో ప్రోటీన్, మూత తీసి వేలు పెట్టడం. సూక్ష్మజీవులకు అంతకంటే విందు ఏముంది? ఫీనాక్సీఇథనాల్, సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్ లాంటివి చానామందికి పడతాయి, తక్కువ మోతాదులో వేస్తారు. ఫీనాక్సీఇథనాల్ మామూలుగా ఒక శాతం దాటదు, కాబట్టి దాని తర్వాత ఏ గొప్ప పేరు కనబడినా అది కొంచెమే అని అర్థం చేసుకోవచ్చు. ఈడీటీఏ, సిట్రిక్ యాసిడ్, సోడియం హైడ్రాక్సైడ్ సర్దుబాటు కోసం చిటికెడు వేసేవి, కాస్టిక్ సోడా పేరు చూసి గాబరా పడొద్దు. నియాసినమైడ్ అని ఉంటే అది బీ3 విటమిన్ రూపం, చర్మం పైకప్పు గట్టిపడడానికి సాయం చేస్తుంది.

పట్టు ఉండే సీరం మనలో కొందరికి పట్టు వల్లనే పడకపోవచ్చు. గూళ్లు విడిపించేటప్పుడు దుమ్ముకు తుమ్ములు, చిలకల రెక్కల పొడికి దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు ఉన్నారు కదా, వాళ్లు ముఖానికి రాయకముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి. ఎర్రబడితే వదిలేయండి. అసలు ఎవరైనా ఇట్లా చూసే రాసుకోవడం మంచిది.

పురుగుల సంగతి మరిచిపోయేట్టు ఉన్నాము. వాసన ఉండే సీరం, క్రీము, పౌడరు ఏదైనా రాసుకొని చాకీ గదిలోకి పోకండి. నూనె చేతులతో ఆకు పట్టకండి. పురుగుకు ఊపిరి రంధ్రాలు ఒంటికి రెండు పక్కలా ఉంటాయి, జిడ్డు అంటితే మూసుకుపోతాయి. రాత్రి ఆఖరి మేత వేసి వచ్చినాక రాసుకోండి, పొద్దున చేతులు సబ్బుతో కడిగి తట్ట ముట్టుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు వాడేది ఇది. చేతులకు మాత్రం, ఒక చెంచా గ్లిజరిన్‌లో పది చెంచాలు కాచి చల్లార్చిన నీళ్లు. ఆ రాత్రికి ఎంత కావాలో అంతే కలుపుతాము, మిగిలితే పారబోస్తాము, దాంట్లో బూజు ఆపేది లేదు కాబట్టి. తడి చేతికి రాసి పైన పెట్రోలియం జెల్లీ. గ్లిజరిన్ ఒట్టిదే రాయకండి, మండుతుంది. ముఖానికి డాక్టరమ్మ రాసిచ్చిన వాసన లేని క్రీము. మూడు వారాలకు చెంపలు మామూలు అయినాయి. చినిగిన గ్లవుజులు పారేసి రెండు జతలు కొత్తవి తెచ్చినాము, 599 కంటే చానా తక్కువే అయింది.

మీ ఊరికీ ఇట్లాంటి సీసా వచ్చి ఉంటే ఫోటో పంపండి, పాప చదివి చెప్తుంది. ముందు వైపు పంపొద్దు. వెనక వైపు, అక్షరాలు కనబడేట్టు, వెలుతురులో తీసి పంపండి.